కెమెరా పెట్టెలో కార్బైడు పొట్లం

మొన్న నూజివీడు బస్టాండు దగ్గరున్న సెల్‌ఫోన్ల కొట్టుకి నా కెమెరా పట్టుకుని వెళ్ళాను. టీచరుగా ఇరవయ్యేళ్ళు నిండిన రోజున తోటి టీచర్లందరూ కలిసి కొనిచ్చిన డిజిటల్ కెమెరా అది, ఇప్పటివాళ్ళ లెక్కలో పాతసామాను. దాని వెనక ఫొటో కనపడే తెర ఉంటుంది కదా, గీతలు పడకుండా ఆ తెర మీద అతికించిన పల్చటి తొడుగు ఇన్నేళ్ళూ నా చేతిసంచికీ తాళాల గుత్తికీ రాసుకుని రాసుకుని, గంజి పెట్టిన గుడ్డలా తెల్లబడిపోయింది. ఫొటో తియ్యడమే గానీ ఏం వచ్చిందో చూసుకోవడానికి లేకుండా పోయింది. కొట్టతను దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీనికి స్క్రీన్ గార్డులు రావడం ఎప్పుడో ఆగిపోయిందండీ, ఇంకా ఎందుకు మేడమ్ ఇది, మంచి ఫోనొకటి తీసుకోండి" అన్నాడు. నా కోపం నా ముక్కు మీదే ఉంటుందని నన్నెరిగినవాళ్ళందరికీ తెలుసు. నేను అడిగింది తొడుగు, నువ్వు చెప్పేది ఫోను, చేతనైతే వెయ్యి, కాకపోతే నా వస్తువు నాకిచ్చెయ్ అన్నాను. అతను నవ్వేసి, పెద్ద ఫోనుకి వేసే తొడుగొకటి కొలత పెట్టి కత్తిరించి అతికిస్తాను కూర్చోండని స్టూలు వేశాడు.

పాత తొడుగు గోటితో అంచు లేపి ఒక్క గుంజు గుంజాడు. తెర మీద పెదనాన్న ప్రత్యక్షమయ్యాడు.

నిరుడు పెదనాన్న ఆబ్దికానికి వెళ్ళినప్పుడు ఆఖరున తీసిన ఫొటో అది. గోడకి తగిలించిన ఆయన పటాన్ని, దండతో సహా, ఉక్రోషం కొద్దీ ఫొటో తీసుకొచ్చాను. ఉక్రోషం ఎందుకంటే, ఆ రోజు వచ్చిన చుట్టాలెవరో పటం చూసి ఎంత బాగుందో, మనిషి ఎదురుగా కూర్చున్నట్టుందని మెచ్చుకుంటే, పెదనాన్న మనవడి భార్య, పాపం కొత్తగా వచ్చిన పిల్ల, మా మామగారు తీసిందేనండీ, ఆయన చెయ్యి అంత కుదురండీ అని చెప్పింది. ఆ మామగారంటే పెదనాన్న కొడుకు, నాకు అన్నయ్య. అక్కడే నిలబడి ఉన్నాడు. అవునని అనలేదు, కాదనీ అనలేదు, వక్కపలుకు నములుతూ కిటికీ వైపు చూశాడు.

ఆ ఫొటో తీసింది నేను. చెయ్యి కుదురు లేదని ఆ ఇంట్లోనే, పదిమంది ముందు, పేరు పెట్టించుకున్న నేను. నా ఈడువాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇలాంటి నింద ఒకటి మీ నెత్తిన కూడా ఎవరో ఒకరు రుద్దే ఉంటారు, కాబట్టి నా కోపం మీకు కొత్తగా అనిపించదు.

మాది మామిడికాయల వ్యాపారం చేసుకునే కుటుంబం. నూజివీడు బజార్లో ముందు కమిషన్ కొట్టు, వెనక కాయ మాగబెట్టే గదులు, వాటి పైన మా కాపురం. పెదనాన్న పెత్తనం, నాన్న ఆయన వెనకాల నీడ. ఎనభైల్లో మొదటి సంవత్సరాలు అవి. వేసవి వచ్చిందంటే ముసునూరు వైపు తోటల నించి బళ్ళూ లారీలూ వరసగా వచ్చి ఆగేవి, రసాలూ బంగినపల్లీ గదుల నిండా గడ్డి పరిచి పేర్చేవారు, మధ్యమధ్య కాగితం పొట్లాల్లో కార్బైడు పెట్టి తలుపులు బిగించేవారు. ఆ రోజుల్లో అదొక తప్పన్న ఆలోచన ఎవరికీ లేదు, బజారంతా అదే పని. ఆ రాయిముక్కలకి గాలిలో తడి తగిలితే చాలు, వెల్లుల్లి కుళ్ళినట్టు ఒక వాసనా వేడీ పుట్టి కాయ రంగు తిరిగిపోయేది. నా జడలో, పుస్తకాల్లో, తాగే మంచినీళ్ళలో కూడా అదే వాసన. రెండు నెలలు ఆ వాసనలో బతికాక ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, ఈ సంగతి కొంచెం గుర్తుంచుకోండి.

నేను ఇంటరు పాసైన ఏడు, గుడివాడలో స్టూడియో నడిపే మా మేనమామ, తను కొత్తది కొనుక్కుని తన పాత కెమెరా నాకిచ్చాడు. నాకు అంటే నాకే, మా అమ్మ ఎదుట నా చేతిలో పెట్టి మరీ ఇచ్చాడు. ఒకదాని మీద ఒకటి రెండు కళ్ళుండే డబ్బా కెమెరా అది. కింది కన్ను ఫిలిమ్ కోసం, పై కన్ను మనం చూసుకోవడం కోసం. బొడ్డు దగ్గర పట్టుకుని, పైన మూత తెరిచి, తల వంచి లోపలికి చూస్తే, ఒక గరుకు గాజుబిళ్ళ మీద లోకం కుడిఎడమలు మారి కనిపించేది. ఆ గాజుబిళ్ళ మీద ముఖం స్పష్టంగా వచ్చేదాకా పక్కనున్న మర తిప్పుకోవాలి, వచ్చాక ఊపిరి బిగపట్టి నొక్కాలి. దాని మీద కనిపించిందే సత్యం, మిగతాదంతా నమ్మకం. రెండు సెలవుల్లో మామయ్య దగ్గర కూర్చుని అంతా నేర్చుకున్నాను. ఊపిరి బిగపట్టడం ఎంతగా అలవాటైందంటే, ఇప్పటికీ సూదిలో దారం ఎక్కించేటప్పుడు నాకు తెలియకుండానే బిగపడతాను.

ఆ గాజుబిళ్ళంటే నాకు ప్రాణం. గీత పడితే మళ్ళీ దొరకదని మామయ్య చెప్పాడని, ఆస్పత్రిలో పనిచేసే పొరుగింటి పిన్నిగారిని బతిమాలి పాత ఎక్స్‌రే ఫిలిమొకటి తెచ్చుకుని, వేణ్ణీళ్ళలో చాకలిసోడా వేసి నానబెట్టి, నలుపంతా రుద్ది పోగొట్టి, అద్దంలా తేలాక బిళ్ళ కొలతకి కత్తిరించి పైన తొడుగులా పరిచాను. ఈనాడు వీళ్ళమ్మే స్క్రీన్ గార్డు నేను అప్పుడే చేసుకున్నానండీ. కెమెరా పెట్టెలో తడి చేరకుండా మామయ్య తెల్లగుళికల సంచి కూడా వేసిచ్చాడు. రోజూ సాయంత్రం మల్లుగుడ్డతో తుడిచి బీరువా పై అరలో పెట్టేదాన్ని. ఇదేదో దేవుడి పెట్టె అయినట్టు అని అమ్మ వేళాకోళం చేసేది.

ఆ ఏడాదే ముసునూరు దగ్గర తోటల్లో కాయ కోసే ఆడకూలీలకి, వాళ్ళ పేరు మీదే, ఇళ్ళస్థలాల పట్టాలు ఇస్తారని కబురు వచ్చింది. పట్టా కాగితం మీద ఆ మనిషి ఫొటో అతికించాలన్నారు. ఆ ముఠాలో పన్నెండు మంది ఉండేవాళ్ళు. వాళ్ళని నడిపే ఆవిణ్ణి అందరూ అక్కా అనేవారు, మేమూ ముసునూరు అక్క అనే అనేవాళ్ళం. గట్టి మనిషి, మాట తూకం వేసినట్టుండేది. ఆవిడ మా కొట్టుకొచ్చి, టౌన్లో స్టూడియోకి వెళ్తే గడ్డం పట్టుకుని ముఖం తిప్పుతారండీ, మా వాళ్ళకి సిగ్గు, అమ్మాయిగారు తోటలోకొచ్చి తియ్యకూడదా అని అడిగింది. పెదనాన్నకి అప్పటికి ఆ ముఠాతో అవసరం చాలా ఉంది, సరేనన్నాడు.

నా ఫిలిమ్ చుట్టలో సరిగ్గా పన్నెండు బొమ్మలే వస్తాయి. పన్నెండు మంది, పన్నెండు బొమ్మలు, రెండోసారి అన్నది లేదు. అంతకుముందు రాత్రంతా అకాల వాన. పొద్దున్నే బయల్దేరి వెళ్ళేసరికి వాళ్ళు తలంటుకుని, ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకుని, ఒకళ్ళ ముక్కుపుడక ఒకళ్ళకి ఇచ్చుకుని సిద్ధంగా ఉన్నారు. ఆ పన్నెండు మందిలో చాలామందికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటి ఫొటో. కాపలావాడి గుడిసె ముందు, ముగ్గులు వేసిన మట్టిగోడకి నాలుగడుగుల ఇవతల, నీడలో ఒక్కొక్కరినే నిలబెట్టాను. గాజుబిళ్ళ మీద ప్రతి కనురెప్పా చూసుకుని, ఊపిరి బిగపట్టి, ఒక్కొక్కటీ నొక్కాను. ఏ ఒక్కదానికీ తొందరపడలేదు. ఈ మాట ఎవరి ముందైనా, ఎక్కడైనా చెబుతాను.

ఐదో రోజున ఫొటోలు కడిగి వచ్చాయి. పన్నెండూ మసక. ముక్కెక్కడో మూతెక్కడో తెలియని పన్నెండు ముఖాలు. పట్టాల ఆఫీసులో గుమాస్తా వాటిని చూసి, ఇది ఎవరి ముఖమైనా కావచ్చమ్మా, వచ్చే శుక్రవారం లోపల మంచివి తెస్తేనే జాబితాలో ఉంటారని వెనక్కి పంపేశాడట. పని మానుకుని, బస్సెక్కి, మళ్ళీ బస్సెక్కి వట్టి చేతులతో తిరిగొచ్చారు పన్నెండు మందీ. ఆ సంగతి ముసునూరు అక్క చెబుతుంటే నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆవిడ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు.

అనాల్సినదంతా పెదనాన్న అన్నాడు. కొట్టు ముందు, హమాలీలూ, బేరగాళ్ళూ, టీ తెచ్చినవాళ్ళూ అందరూ వినేలా, "ఆడపిల్ల చెయ్యి, వణక్కుండా ఎలా ఉంటుందిరా, నాదే తప్పు పంపడం" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఫొటోలు ఆయన కళ్ళెదుట పెట్టి, చూడండి పెదనాన్నా, మనుషుల వెనక గోడ చూడండి, ముగ్గులో చుక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు, గోడ పెచ్చు ఊడిన చోట గడ్డిపరక కూడా కనపడుతోంది, నా చెయ్యి వణికితే మనుషులతో పాటు గోడ కూడా వణకాలి కదా, గోడ వణకలేదేం అని అడిగాను. ఇంతకన్నా సూటిగా అడిగే ప్రశ్న నా జీవితంలో మళ్ళీ తట్టలేదు. ఎదురు సమాధానాలు ఎక్కువయ్యాయన్నారు, చదువు చెప్పించడం వల్లే అన్నారు. నాన్న తల దించుకుని పురికొస చుట్టుకుంటున్నాడు. పెదనాన్న నా చేతిలో కెమెరా తీసుకుని అన్నయ్య చేతిలో పెట్టాడు. మా మేనమామ నాకిచ్చిన కెమెరా అది.

అన్నయ్య నాకన్నా రెండేళ్ళు పెద్ద, చెడ్డవాడేం కాదు. అంతకుముందు సరదాకి నాలుగైదుసార్లు నా కెమెరా తిప్పినవాడే. మర్నాడు తోటకెళ్ళి అదే గోడ ముందు పన్నెండు మందికీ ఫొటోలు తీసుకొచ్చాడు. ఆడవాళ్ళు వాడి ముందు బిగదీసుకుని నిలబడ్డారని తర్వాత తెలిసింది. ఈసారి ఫిలిమ్ మనిషికిచ్చి పంపి రెండో రోజుకే కడిగించారు. మళ్ళీ పన్నెండూ మసక, మళ్ళీ గోడ స్పష్టం.

అప్పుడేమన్నారో తెలుసా మీకు? అన్నయ్య చెయ్యి వణికిందని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. కెమెరాలో ఏదో తేడా ఉందిరా, బెజవాడ పంపించి చూపించాలి అన్నారు! అదే నోటితో, అదే అరుగు మీద కూర్చుని. నా చేతిలో ఉన్నప్పుడు తప్పు చేతిది, వాడి చేతిలోకి వెళ్ళగానే తప్పు కెమెరాది. ఇన్నేళ్ళైనా ఈ వాక్యం రాస్తుంటే నా ఒళ్ళు మండుతోంది. మరి నా ఫొటోలు వచ్చిన రోజున ఆ కెమెరాని బెజవాడ ఎందుకు పంపలేదండీ? బస్సులు ఆ రోజు తిరగలేదా?

నాన్నకి కెమెరా సంగతులు తెలియవు కాబట్టి నన్ను వెంటబెట్టుకెళ్ళక తప్పలేదు. హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి వెళ్ళాం. బెజవాడలో కెమెరాలు బాగుచేసే ఆయన ముసలాయన, గుండ్రటి కళ్ళద్దాలు. పెట్టె మూత తీస్తూనే ముక్కు చిట్లించి, "మీది నూజివీడా అండీ?" అని అడిగాడు. ఎలా తెలిసిందని నాన్న ఆశ్చర్యపోతే, పెట్టె నిండా మాగబెట్టే మందు వాసనే కదండీ అన్నాడు. పెట్టె అడుగున గుడ్డ ఎత్తి చూస్తే మామయ్య ఇచ్చిన గుళికల సంచి లేదు, దాని చోట కాగితం పొట్లం ఒకటి, పగిలి, సున్నంపిండిలా తెల్లటి పొడి రాలుతూ ఉంది. కార్బైడు! ఆ తర్వాత ఆయన సన్నటి స్క్రూలు నాలుగు విప్పి, నేను పరిచిన ఎక్స్‌రే తొడుగు పక్కన పెట్టి, గాజుబిళ్ళ పైకి తీసి వేలితో తడిమి మా ఇద్దరినీ చూశాడు. ఎవరో దీన్ని తీసి, కడిగి, తలకిందులుగా పెట్టారండీ, గరుకు వైపు కిందికి ఉండాలి, పైకి పెట్టారు, ఇలా పెడితే గాజు మీద మనిషి స్పష్టంగానే కనిపిస్తాడు, ఫిలిమ్ మీద మాత్రం వెనక గోడే స్పష్టంగా పడుతుంది, తీసినవాళ్ళ తప్పేం లేదు అన్నాడు. తీసినవాళ్ళ తప్పేం లేదు. ఆ ముసలాయన ఎవరో ఏమో, ఆ ఒక్క మాటకి నేను కొట్టులో నిలబడి భోరుమని ఏడ్చేశాను.

ఎవరు చేశారో ఇంక అడగాలా? మా ఇంట్లో నా బీరువా తెరిచే ధైర్యం పెదనాన్నకి తప్ప ఎవరికుంది? గుళికలకన్నా కార్బైడు తడిని బాగా లాగుతుంది, దండగ్గా డబ్బు పోసి కొనడమెందుకని పెదనాన్న ఒకసారి అన్నట్టు నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ వాన రాత్రి తడిని లాగిన మాట నిజమే. లాగి, పొగలు కక్కి, గాజు మీద తెల్లటి పొర పేర్చింది. అది చూసి కంగారుపడి, ఎవరికీ చెప్పకుండా, మామిడిపళ్ళు తుడిచినట్టు బిళ్ళ తీసి తుడిచి, తోచినట్టు పెట్టేసి, పైన నా తొడుగు మళ్ళీ నీటుగా పరిచేశాడు. మామిడికాయల వ్యాపారం తప్ప ఇంకో లోకం ఎరగని మనిషికి తప్ప ఈ ఆలోచన ఇంకెవరికి వస్తుంది చెప్పండి. అది చేసింది మంచికే అనుకుందాం, వస్తువు మీద ప్రేమే అనుకుందాం, దానికి నాకు కోపం లేదు. తను చేశానని తెలిసి తెలిసీ, కొట్టు ముందు నిలబడి నా చేతుల మీదికి నెట్టాడే, అదీ నేను మరవలేనిది. ఇల్లంతా అదే వాసన కాబట్టి నేనూ పసిగట్టలేకపోయాను, ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను. నేను ఒప్పుకోగలిగానుగా మరి!

తిరుగు బస్సులో నాన్న, ఇంటికెళ్ళాక ఈ సంగతి ఎత్తకమ్మా, ఆయన పెద్దవాడు అన్నాడు. ఎత్తాను. గుమ్మంలో చెప్పులైనా విడవకుండా, అందరూ కాఫీలు తాగుతుండగా, పొట్లంలో పొడి తెచ్చి పెదనాన్న ముందు బల్ల మీద కుమ్మరించాను. ఆయన కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, "సరేలేవే, బాగైందిగా. రేపు అన్నయ్య తీసుకెళ్ళి తీస్తాడు" అన్నాడు. అంతే. అంతకన్నా ఒక్క ముక్క ఆయన నోట్లోంచి చచ్చేదాకా రాలేదు.

కానీ ముసునూరు అక్క ఉంది కదా. మర్నాడు గురువారం, తెల్లారితే గడువు. మిగతా పదకొండు మందినీ వెంటబెట్టుకుని కొట్టుకే వచ్చింది. లారీ సగం నిండి ఉంది, గంపలు ఎత్తేవాళ్ళు ఎదురుచూస్తున్నారు. పెదనాన్న అన్నయ్యని పిలవబోతుంటే ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"షావుకారు గారండీ, పట్టా మాది, మొహం మాది. ఎవరి ముందు నిలబడాలో మేం చెప్తామండీ. అమ్మాయిగారినే పంపండి."

"మొదటిసారి చెడగొట్టింది అదేగా అక్కా."

"చెడిందో, చెడగొట్టారో మాకు తెలియదండీ. నన్ను నిలబెట్టినప్పుడు పాపగారు ఊపిరి కూడా తియ్యలేదు. నేను చూశాను."

ఆవిడకి గాజుబిళ్ళ సంగతీ కార్బైడు సంగతీ ఏమీ తెలియదు. తన కళ్ళతో చూసింది నమ్మింది, అంతే. మా ఇంటివాళ్ళకి లేని నమ్మకం ఆవిడకెక్కణ్ణించి వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు. పెదనాన్న లారీ వైపు చూశాడు, వాళ్ళ వైపు చూశాడు, కెమెరా తెప్పించి నాకిచ్చాడు. మా కొట్టు గోడ ముందే నిలబెట్టి అరగంటలో తీశాను. నాన్న ఆ చుట్ట పట్టుకుని బెజవాడ వెళ్ళి, సాయంత్రం దాకా అక్కడే కూర్చుని కడిగించి తెచ్చాడు. మా నాన్న నా పక్షాన చేసిన ఒకే ఒక్క పని అది. పన్నెండు ముఖాలు, ఒక్కొక్క ముక్కుపుడక రాయితో సహా మెరిసిపోతూ. శుక్రవారం పట్టాలు పన్నెండు మందికీ వచ్చాయి.

ఇక్కడితో కథ సుఖాంతమనుకుంటారేమో. శనివారం నాడు కెమెరా మళ్ళీ అన్నయ్య గదిలోకి వెళ్ళిపోయింది. నాకు పెళ్ళై వెళ్ళేటప్పుడు అడిగితే, ఇంటి వస్తువు ఇంట్లో ఉండనీ అన్నారు. మామయ్యకి చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు. నేను టీచరు ట్రెయినింగై, ఉద్యోగంలో పడి, పదిహేనేళ్ళ పాటు కెమెరా అన్నది ముట్టుకోలేదు, ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారి, ఆ ఎనభైల చివర్లోనే, పుట్టింటికి వచ్చినప్పుడు పెదనాన్న నన్ను వసారాలోకి పిలిచాడు. అన్నయ్య లారీ వెంట వెళ్ళాడు. కెమెరా ఆయన చేతిలోనే ఉంది. నా ఫొటో ఒకటి తియ్యవే, రేపు దండ వెయ్యడానికైనా పనికొస్తుందని నవ్వాడు. అన్నయ్య ఊళ్ళో ఉండగా ఎందుకు తీయించుకోలేదో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. కాదనాలని నోటిదాకా వచ్చింది, కానీ ఆ కెమెరా చేతిలోకి రాగానే కాదనలేకపోయాను. కుర్చీలో కూర్చోబెట్టి, మూత తెరిచి తల వంచాను. నా ఎక్స్‌రే తొడుగు పచ్చబడి ఇంకా అక్కడే ఉంది. కళ్ళద్దాల వెనక ఆయన కళ్ళు స్పష్టంగా వచ్చేలా మర తిప్పుకుంటుంటే, అప్పుడన్నాడు మహానుభావుడు: "చూసుకోవే, చెయ్యి వణక్కుండా!" ఊపిరి బిగపట్టి నొక్కాను. కోపంతో బిగపట్టిన ఊపిరి ఇంకా బాగా నిలుస్తుందని ఆ రోజు తెలుసుకున్నాను. ఆ పటమే ఇప్పుడు దండ కింద ఉంది.

"అయిపోయింది మేడమ్, చూసుకోండి" అని కొట్టతను కెమెరా చేతికిచ్చాడు. అంచుల దగ్గర కొంచెం ఎగుడుదిగుడుగా ఉంది గానీ, తెర మాత్రం కడిగిన పళ్ళెంలా ఉంది. పెదనాన్న ఇంకా అక్కడే ఉన్నాడు. ఊరికే, తెర ఎంత బాగా కనపడుతోందో చూద్దామని మీట నొక్కి బొమ్మని పెద్దది చేశాను. మీసాలు వచ్చాయి, ముక్కు వచ్చింది, కళ్ళద్దాలు వచ్చాయి. ఇంకా నొక్కాను. ఎడమ వైపు అద్దంలో తెల్లటి వసారా వెలుగు, ఆ వెలుగులో బియ్యపుగింజంత ఒక నల్లటి ఆకారం. ఇంకా నొక్కాను. చీర కట్టుకున్న మనిషి. భుజం మీదుగా ముందుకి పడిన జడ. బొడ్డు దగ్గర డబ్బా పట్టుకుని, తల వంచుకుని, దాని లోపలికి చూస్తున్న మనిషి.

ఇన్నేళ్ళూ ఆ ఇంటి గోడ మీద, దండ కింద, ఆయన కళ్ళద్దాల్లోనే నిలబడి ఉన్నానన్నమాట. ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

నా వాలకం చూసి కొట్టతను ఇటు వంగి, ఎవరండీ ఆవిడ అని అడిగాడు. నేనే అన్నాను. అతను బొమ్మని మళ్ళీ చిన్నది చేసి, పెద్దది చేసి, తల పంకించి, "పాత ఫొటోకి ఫొటో అయినా ఎంత షార్పుగా ఉందండీ, తీసినప్పుడు చెయ్యి ఇసుమంత కూడా కదల్లేదు" అన్నాడు. ఇంట్లోవాళ్ళ నోట ఇన్నేళ్ళూ రాని మాట, పేరైనా తెలియని మనిషి, అంతకుముందే నేను కసిరిన మనిషి, అంత తేలిగ్గా అనేశాడు.

ఇవాళ ఫొటో తీసిన మరుక్షణం తెర మీద కనపడుతుంది. మసకగా వస్తే అక్కడే తెలుస్తుంది, మళ్ళీ తీసుకుంటారు, ఐదు రోజులు ఎవరి చేతుల మీదా నింద నిలబడదు. ఈనాటి ఆడపిల్లలకి ఆ ఒక్క బాధ తప్పింది, అందుకు సంతోషమే. కానీ అంతమంది ముందు చెయ్యెత్తి, పాపగారు ఊపిరి కూడా తియ్యలేదు, నేను చూశాను అని చెప్పే మనిషి ఇప్పుడు ఎవరికైనా దొరుకుతోందా అని అనుమానం. ముసునూరు అక్క పోయి చాలాకాలమైంది. ఆవిడ పట్టా మీద నేను తీసిన ముఖం ఇంకా ఎవరి పెట్టెలోనో ఉండే ఉంటుంది.

వచ్చే ఆబ్దికానికి ఈ కెమెరా తీసుకెళ్ళి, కళ్ళద్దం కనపడేలా పెద్దది చేసి, అన్నయ్య చేతిలో పెడతాను. ఏమీ అనను. ఆ రోజున నా చెయ్యి వణుకుతుందేమోనని మాత్రం భయంగా ఉంది, ఎందుకంటే, మీతో కాబట్టి చెబుతున్నాను, ఈమధ్య నిజంగానే కొంచెం వణుకుతోంది.